దిల్‌సుఖ్‌నగర్‌లో రైల్వే జేఈ మ్యాథ్స్ బ్యాచ్ రివ్యూ: ఆల్జీబ్రా, వర్డ్ ప్రాబ్లమ్స్ వరకైతే పైసా వసూల్

ముందే చెప్తున్నా, ఇది ఐఐటీ జేఈఈ గురించి కాదు, రైల్వే జూనియర్ ఇంజనీర్ ఎగ్జామ్ గురించి. డిప్లొమానో బీటెక్కో చేసి సైట్లలో, కంపెనీల్లో పని చేసుకుంటూ ఒకపక్క రైల్వేకి ప్రిపేర్ అయ్యేవాళ్ళ కోసం రాస్తున్నా. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద మెచ్చుకోలుతో పాటు తిట్లు కూడా ఉన్నాయి, ఊరికే లొల్లి ఎందుకు. అయినా దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగితే వీధికి నాలుగు బోర్డులు ఇలాంటివే కనపడతాయి కదా, పేరు కన్నా లోపల ఏం చెప్తున్నారో ఎట్లా చెప్తున్నారో తెలిస్తేనే మీకు పనికొస్తది.

నేను చేరింది సాయంత్రం బ్యాచ్, మ్యాథ్స్ ఒక్కటే. రీజనింగ్, జీకే, టెక్నికల్ అన్నీ కలిపి ఫుల్ కోర్స్ కూడా ఉంది, కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి అదే తీసుకోమని గట్టిగానే చెప్తది, మనం మాత్రం గట్టిగా ఉండాలి. సివిల్ డిప్లొమా చేసినోడికి టెక్నికల్ మళ్ళీ కొత్తగా చెప్పించుకోవాల్సిన పని లేదు, పాత నోట్సు దులిపితే చాలు, నాకు పోయింది మాత్రం టెన్త్ లెక్కలు.

ఇది నా ఒక్కడి సంగతే కాదు. బ్యాచ్‌లో సగం మంది బీటెక్ వాళ్ళే, లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్‌లు రాసి పాసయిన జనాలే, కానీ తండ్రీ కొడుకుల వయసు లెక్క వస్తే మాత్రం పెన్ను నోట్లో పెట్టుకుని సీలింగ్ వైపు చూస్తారు. ఇంజనీరింగ్‌లో ఈక్వేషన్ ఎవరో ఒకరు ముందే రాసి ఇస్తారు, మనం సాల్వ్ చేస్తాం, అంతే. ఇక్కడ ఈక్వేషన్ మనమే పుట్టించాలి, ఆ అలవాటు టెన్త్‌తోనే పోయింది.

ఎగ్జామ్ ప్యాటర్న్ తెలియనోళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా. సీబీటీ అంటే కంప్యూటర్ మీద రాసే టెస్టు, రెండు దశలుంటాయి. సీబీటీ-1లో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. మ్యాథ్స్ 30, రీజనింగ్ 25, జనరల్ సైన్స్ 30, జనరల్ అవేర్‌నెస్ 15. ప్రతి తప్పుకి మూడో వంతు మార్కు పోతది. అంటే యావరేజ్‌న ప్రశ్నకి 54 సెకన్లు, క్యాలిక్యులేటర్ ఉండదు. సీబీటీ-2లో 150 ప్రశ్నలు ఉంటే అందులో 100 టెక్నికలే, మ్యాథ్స్ సెక్షన్ అసలు ఉండదు. కాబట్టి మ్యాథ్స్ మనకి మెరిట్ తెచ్చిపెట్టేది కాదు, ప్లాట్‌ఫాం గేటు దగ్గర నిలబడ్డ టీసీ లాంటిది, దాటితే మళ్ళీ మన మొహం చూడదు, దాటకపోతే మాత్రం టెక్నికల్ ఎంత వచ్చినా లోపలికి రానివ్వదు. 2024 నోటిఫికేషన్‌లో దేశం మొత్తం మీద 7951 పోస్టులు ఇచ్చారు, సీబీటీ-1 ఆ డిసెంబర్‌లో జరిగింది, దానికి వచ్చిన జనాన్ని సెంటర్ల దగ్గర చూసినోళ్ళకి తెలుసు ఆ గేటు దగ్గర తోపులాట ఎట్లా ఉంటదో.

సరే క్లాసుల సంగతికి వద్దాం.

ఆల్జీబ్రా, అరిథ్‌మెటిక్ చెప్పేది ఒకే సారు. పెద్దాయన, ఇదివరకు స్కూల్లో చెప్పేవారట, గొంతు పెద్దది కాబట్టి మైకు పని చేయని రోజు కూడా వెనక బెంచీకి వినపడతది (మైకు పని చేయని రోజులే ఎక్కువ అనుకోండి). మొదటి క్లాసుకి వెళ్తే అందరికీ ఒక షీటు పంచారు, షీటు నిండా వర్డ్ ప్రాబ్లమ్సే. సాల్వ్ చేయొద్దు, ప్రతి దానికీ ఈక్వేషన్ మాత్రం రాసి కింద పెట్టండి అన్నారు. ఒక్క దానికి ఆన్సర్ కనుక్కున్నా ఒప్పుకోలేదు. పక్కనున్న తమ్ముడు ఒకడు షార్ట్‌కట్‌తో టకటకా ఆన్సర్లు వేసి చూపించాడు, సారు షీటు తిప్పి చూసి "బాగుంది నాయనా, ఈక్వేషన్ ఏది?" అని మళ్ళీ వాడి చేతికే ఇచ్చేశారు.

నాకు ఈ బ్యాచ్‌లో నచ్చింది మొత్తం ఆ ఒక్క పద్ధతిలోనే ఉంది. యూట్యూబ్‌లో తెలుగులో షార్ట్‌కట్‌లు కుప్పలు ఉన్నాయి, 5 సెకన్లలో ఆన్సర్, 2 సెకన్లలో ఆన్సర్ అని తంబ్‌నెయిల్స్, చూసేటప్పుడు బ్రహ్మాండంగా ఉంటాయి. ప్రశ్నలో ఒక్క పదం మారితే మాత్రం ఏ షార్ట్‌కట్ వేయాలో తెలీదు. ఎగ్జామ్ వాళ్ళు మార్చేదే ఆ ఒక్క పదం.

ఒక ఉదాహరణ చూడండి, క్లాసులో చేయించిందే. 5 ఏళ్ళ క్రితం తండ్రి వయసు కొడుకు వయసుకి 4 రెట్లు, ఇంకో 5 ఏళ్ళకి రెండున్నర రెట్లు అవుతది, ఇప్పుడు వాళ్ళ వయసులెంత? మనమంతా ఏం చేస్తాం, ఇప్పటి వయసుల్ని ఎక్స్, వై అనుకుంటాం, రెండు ఈక్వేషన్లు వస్తాయి, బ్రాకెట్లు విప్పుకుంటూ, మైనస్సులు అటూ ఇటూ మోస్తూ నిమిషంన్నర తింటది. సారు ఏమంటారంటే, ప్రశ్నలో రెట్లు అని ఎక్కడుందో ఎక్స్ అక్కడే పెట్టు. 5 ఏళ్ళ క్రితం కొడుకు ఎక్స్, తండ్రి 4 ఎక్స్. అక్కడి నుంచి 5 ఏళ్ళ తర్వాత దాకా మొత్తం 10 ఏళ్ళు. 4 ఎక్స్ + 10 = 2.5 × (ఎక్స్ + 10). ఒకటే ఈక్వేషన్, ఒకటిన్నర ఎక్స్ ఈక్వల్ టు 15, ఎక్స్ 10. అప్పుడు కొడుకు 10, తండ్రి 40, ఇప్పుడు 15, 45. కావాలంటే చెక్ చేసుకోండి, ఇంకో 5 ఏళ్ళకి 20, 50, రెండున్నర రెట్లు కరెక్టే. ఇందులో షార్ట్‌కట్ ఫార్ములా ఏమీ లేదు, ఎక్స్ ఎక్కడ పెట్టాలో తెలియడమే షార్ట్‌కట్.

ఇంకోటి టైమ్ అండ్ వర్క్. రాజు ఒక పని 12 రోజుల్లో చేస్తాడు, రవి 18 రోజుల్లో. ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు, పని పూర్తి కావడానికి 3 రోజుల ముందు రాజు మానేశాడు, మొత్తం ఎన్ని రోజులు? దీని పక్కనే ఇంకో ప్రశ్న రాశారు, అంతా సేమ్, కాకపోతే "మొదలుపెట్టిన 3 రోజుల తర్వాత రాజు మానేశాడు". రెండూ చదివితే ఒకేలా ఉంటాయి, టైమ్ టెన్షన్‌లో అయితే ఖచ్చితంగా ఒకేలా ఉంటాయి. మొత్తం పని 36 యూనిట్లు అనుకుంటే రాజు రోజుకి 3, రవి 2. మొదటి దాంట్లో చివరి 3 రోజులు రవి ఒక్కడే, 6 యూనిట్లు, మిగతా 30 ఇద్దరూ కలిసి రోజుకి 5 చొప్పున 6 రోజులు, మొత్తం 9. రెండో దాంట్లో మొదటి 3 రోజుల్లో 15 యూనిట్లు అయిపోయాయి, మిగిలిన 21 రవి ఒక్కడే లాగాలి, పదిన్నర రోజులు, మొత్తం పదమూడున్నర. ఆప్షన్లలో 9, 13.5 రెండూ పెడతారు, అక్కడే దొరికిపోతారు జనం. సారు రెండింటికీ గీత గీయించారు, ఒక అడ్డగీత, దాని మీద రాజు ఎక్కడి దాకా ఉన్నాడు, రవి ఎక్కడి దాకా ఉన్నాడు అని. సైట్‌లో బార్ చార్ట్ వేసేవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతది, నాకైతే ఆ రోజు నుంచి టైమ్ అండ్ వర్క్ అంటే భయం పోయింది.

అలా అని ఈక్వేషన్ తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దు అనే మొండి మనిషి కూడా కాదు. రెండంకెల సంఖ్య, అంకెల మొత్తం 9, సంఖ్యలోంచి 27 తీసేస్తే అంకెలు తారుమారు అవుతాయి, ఆ సంఖ్య ఏది అని ఇచ్చి ఆప్షన్లు 54, 63, 72, 81 అని రాస్తే, మేం అలవాటు కొద్దీ 10 ఎక్స్ ప్లస్ వై అని మొదలుపెట్టాం. "ఆప్షన్లు ఎందుకిచ్చాడు, చూసుకోడానికా?" అని ఒక కేక. నాలుగింటి మొత్తమూ 9 కాబట్టి ఆ క్లూ దండగ, 27 తీసి చూడటమే, 63లోంచి 27 పోతే 36, అయిపోయింది, పది సెకన్లు. ఎప్పుడు ఈక్వేషన్ రాయాలి, ఎప్పుడు ఆప్షన్ పెట్టి చూడాలి అనేది క్లాసు క్లాసుకీ చెప్తూనే ఉన్నారు.

ప్యూర్ ఆల్జీబ్రాకి కేటాయించిన క్లాసులు తక్కువే కానీ ఉన్నవి గట్టిగా ఉన్నాయి. ఎక్స్ ప్లస్ వన్ బై ఎక్స్ మోడల్ లెక్కలు మీకు తెలిసే ఉంటాయి, రైల్వే వాళ్ళకి ఆ మోడల్ మీద ఎందుకో అంత ప్రేమ. ఎక్స్ ప్లస్ వన్ బై ఎక్స్ ఈక్వల్ టు 3 అయితే స్క్వేర్‌ల మొత్తం 7, క్యూబ్‌ల మొత్తం 18, ఇది అందరూ చెప్తారు. 2 అయితే ఎక్స్ ప్లేస్‌లో 1 పెట్టేసి వెళ్ళిపో అని కూడా అందరూ చెప్తారు. మరి 1 ఇస్తే? క్లాసంతా ఎక్స్‌కి ఏదో ఒక విలువ పెట్టి చూడ్డం మొదలుపెట్టింది, 1 పెడితే 2 వస్తది, అర పెడితే రెండున్నర వస్తది, ఏం పెట్టినా 1 రాదు, రియల్ నంబర్లలో అసలు లేదు కాబట్టి. అప్పుడు బోర్డు మీద మెల్లగా చేశారు, ఎక్స్‌తో గుణిస్తే ఎక్స్ స్క్వేర్ మైనస్ ఎక్స్ ప్లస్ 1 ఈక్వల్ టు సున్నా, దాన్ని ఎక్స్ ప్లస్ 1తో గుణిస్తే ఎక్స్ క్యూబ్ ప్లస్ 1 ఈక్వల్ టు సున్నా, అంటే ఎక్స్ క్యూబ్ ఈక్వల్ టు మైనస్ 1. ఇంక ఎక్స్ పవర్ 18 ప్లస్ ఎక్స్ పవర్ 12 ప్లస్ ఎక్స్ పవర్ 6 ప్లస్ 1 ఎంత అని అడిగినా భయం లేదు, ఎక్స్ పవర్ 6 అంటే 1, కాబట్టి అన్నీ ఒకట్లే, ఆన్సర్ 4. ఇలాంటివి రెండు మూడు పడ్డాయంటే మిగతా వాళ్ళు నిమిషాలు తగలేసే చోట మనకి టైమ్ మిగులుతది.

ప్రాక్టీస్ టెస్టులు వారానికొకటి పెడతారు, పేపర్ మీదే, పెన్నుతో. నాకు ఇది మైనస్. అసలు ఎగ్జామ్ కంప్యూటర్ మీద, స్క్రీన్ చూస్తూ రఫ్ షీట్ మీద రాసుకోవాలి, తల పైకి కిందికి తిప్పుతూ అంకెలు ఎక్కించుకోడమే ఒక ప్రాక్టీస్. ఇన్‌స్టిట్యూట్ యాప్‌లో ఆన్‌లైన్ టెస్టులు ఉన్నాయన్నారు, ఉన్నాయి కూడా, కానీ సబ్మిట్ కొట్టగానే యాప్ క్లోజ్ అయిపోద్ది, స్కోర్ కనపడదు. కంప్లయింట్ ఇస్తే అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమన్నారు, బ్యాచ్ అయిపోయేదాకా అదే సమాధానం. రికార్డెడ్ క్లాసులు కూడా ఒక్కో వీడియో లిమిటెడ్ సార్లే చూడాలట, లోడ్ అవుతూ ఆగిపోయింది కూడా ఒకసారి చూసినట్టే లెక్క. నైట్ షిఫ్ట్ వల్ల క్లాస్ మిస్ అయ్యేవాళ్ళు దీని మీద ఆశలు పెట్టుకోకండి.

మెటీరియల్ గురించి చెప్పాలంటే, ఫీజులో కలిపే ఉందని జాయిన్ అయ్యేటప్పుడు చెప్పి తర్వాత మెటీరియల్ డబ్బులు వేరే అన్నారు. ఆ పుస్తకం తీరా చూస్తే జిరాక్స్‌ని జిరాక్స్ తీసినట్టు ఉంది, మైనస్ గుర్తు ఏదో, గీత ఏదో తెలీదు. ఆల్జీబ్రా పుస్తకంలో మైనస్ కనపడకపోతే ఇంకేముంది. కీలో తప్పులు, తెలుగు అనువాదం మెషీన్ చేసినట్టు ఉంటది, తెలుగు వెర్షన్ చదివి అర్థం కాక పక్కన ఇంగ్లీష్ చదివి తెలుసుకోవాల్సి వచ్చింది. రైల్వే ఎగ్జామ్‌లో తెలుగు పెట్టుకోవచ్చు కానీ తేడా వస్తే ఇంగ్లీష్ వెర్షనే ఫైనల్ అని వాళ్ళ రూల్, కాబట్టి తెలుగు మీడియం వాళ్ళు కూడా వర్డ్ ప్రాబ్లమ్స్‌ని ఇంగ్లీష్‌లో చదివే అలవాటు చేసుకోవాల్సిందే. సారు బోర్డు మీద రెండు భాషల్లోనూ రాస్తారు, అదొక్కటీ మెటీరియల్ లోటు కొంత తీర్చింది.

ఆ మెటీరియల్‌కి పెట్టే డబ్బులు మిగుల్చుకోవాలంటే గవర్నమెంట్ స్కూల్ పుస్తకాలు తెచ్చుకోండి, నేను మా అక్క కొడుకు దగ్గర 8, 10 తరగతులవి లాక్కున్నా. 8వ తరగతిలో ఏకచరరాశి రేఖీయ సమీకరణాలు, 10వ తరగతిలో రేఖీయ సమీకరణాల జత, వర్గ సమీకరణాలు, ఈ మూడు చాప్టర్ల ఎక్సర్‌సైజులు మొత్తం చేస్తే వర్డ్ ప్రాబ్లమ్స్ పునాది గట్టిపడతది. ఇప్పుడొచ్చే పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురుగా ఇంగ్లీష్ ఉంటది, మనకి కావాల్సిందే అది. పీడీఎఫ్‌లు ఫ్రీగానే దొరుకుతాయి. స్పీడ్ మాత్రం వాటితో రాదు, దానికి పాత సీబీటీ పేపర్లు టైమ్ పెట్టుకుని చేయాలి.

మెన్సురేషన్, ట్రిగనామెట్రీ, స్టాటిస్టిక్స్ చెప్పడానికి ఇంకో సారు వస్తారు. యంగ్, ఫాస్ట్, బాగా ఫాస్ట్. ఫార్ములా రాసి, ఒక లెక్క చేసి, "నెక్స్ట్" అంటారు. ఆయన క్లాసుల గురించి రాయడానికి ఇంకేమీ లేదు.

హాలు రెండో అంతస్తులో, కింద టిఫిన్ సెంటర్, ఆరున్నరకి మిర్చి బజ్జీ వాసన పైకొస్తది, కాన్సంట్రేషన్ కష్టం. ఏసీలు రెండు, నడిచేది ఒకటి, దాని కింద సీట్ల కోసం అరగంట ముందే బ్యాగులు పెట్టేస్తారు. బైక్ పార్కింగ్ లేదు, సందులో పెడితే పక్క షాపు వాళ్ళు అరుస్తారు, మెట్రోలో రావడం బెటర్. సూర్యాపేట, నల్గొండ వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఈ ఏరియా సులువే, హాస్టళ్ళు కూడా చైతన్యపురి దాకా బోలెడు. జనం మాత్రం ఎక్కువ, బ్యాచ్‌కి ఇంతమందే అని లిమిట్ చెప్పి మధ్యలో కుర్చీలు వేసి మరీ కూర్చోబెట్టారు.

డౌట్స్‌కి వాట్సాప్ గ్రూప్ పెట్టారు. డౌట్ పెడితే దాని మీద ఒక గుడ్ మార్నింగ్ పువ్వు, రెండు కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు, "సార్ అడ్మిట్ కార్డ్ ఎప్పుడు" అని ఐదారు మెసేజ్‌లు పడి మన డౌట్ ఎటో పోతది. క్లాస్ అయ్యాక సారు మెట్లు దిగేటప్పుడు పట్టుకోండి, కింద చాయ్ తాగుతూ రెండు మూడు లెక్కలు ఓపిగ్గా చెప్తారు, అట్లా నేర్చుకున్నవే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

ఎవరు చేరాలి, ఎవరికి అక్కర్లేదు అని అడిగితే: టెన్త్ తర్వాత వర్డ్ ప్రాబ్లమ్స్ ముట్టుకోని డిప్లొమా, బీటెక్ వాళ్ళకి, ముఖ్యంగా ప్రశ్న చదివి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనోళ్ళకి ఇది పనికొస్తది. రైల్వే ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్) రాసేవాళ్ళకి కూడా, వాళ్ళకి సీబీటీ-1లో 75లో 20 మ్యాథ్సే. ఈక్వేషన్ వస్తది కానీ స్పీడ్ లేదు అనుకునేవాళ్ళకి డబ్బులు దండగ, ఇంట్లో మాక్ టెస్టులు రాసుకోండి. ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) జేఈ ఒక్కటే రాసేవాళ్ళు అసలు రావొద్దు, దాని పేపర్-1లో రీజనింగ్, జనరల్ అవేర్‌నెస్, టెక్నికల్ మాత్రమే ఉంటాయి, మ్యాథ్స్ సెక్షన్ లేదు. మా బ్యాచ్‌లో ఒకతను ఆ సంగతి తెలియకుండా చేరాడు, కౌంటర్‌లో ఎవరూ చెప్పలేదు, ఫీజు కట్టించుకున్నారు, రిఫండ్ అడిగితే వేరే బ్యాచ్‌కి అడ్జస్ట్ చేస్తాం అన్నారు. గేట్ (ఎంటెక్ ఎంట్రన్స్) రాసేవాళ్ళకి జనరల్ ఆప్టిట్యూడ్ 15 మార్కులుంటది నిజమే కానీ దానికి ఈ బ్యాచ్ మొత్తం కూర్చోవాల్సినంత లేదు.

రేటింగ్ అడిగితే సారుకి ఐదుకి ఐదు, ఇన్‌స్టిట్యూట్‌కి రెండు, అది కూడా మెట్రోకి దగ్గర కాబట్టి. నన్ను అడిగితే ఫీజు ఒకేసారి కట్టకండి, రెండు విడతలు అంటే ఒప్పుకుంటారు, మెటీరియల్ వద్దని ముందే చెప్పి రసీదు మీద రాయించుకోండి. రెండు రోజులు డెమో ఫ్రీగా కూర్చోనిస్తారు, వెళ్తే సాయంత్రం డెమోకే వెళ్ళండి, ఉదయం బ్యాచ్‌కి ఆల్జీబ్రా చెప్పేది ఈ సారు కాదు, ఆ "నెక్స్ట్" సారే.